బిజినెస్ ల్యాప్‌టాప్‌కి ఎక్కువ పెట్టాలా? సిక్కోలు నుంచి ఒక లెక్క

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లినవాళ్లకి ఎదురయ్యే చిక్కు ఒకటే. పక్కపక్కనే రెండు మోడళ్లు ఉంటాయి. రెండింట్లోనూ ఒకే తరం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ స్టోరేజీ. ఒకటి రూ.55 వేలు, రెండోది రూ.90 వేలు అనుకుందాం. పోనీ తొంభై వేలది చూడ్డానికైనా బాగుంటుందా అంటే అదీ లేదు. నల్లటి బాడీ, మొద్దు అంచులు, మెరుపు లేని స్క్రీన్. "ఇది బిజినెస్ సిరీస్ సార్, మన్నుతుంది" అంటారు షాపులో. మన్నడమంటే ఏమిటో, ఆ 35 వేలు ఎక్కడికి పోతాయో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

తేడా మొదలయ్యేది కొనేవాళ్ల దగ్గర. లెనోవోలో థింక్‌ప్యాడ్, డెల్‌లో లాటిట్యూడ్, హెచ్‌పీలో ఎలైట్‌బుక్ ప్రధానంగా కంపెనీల కోసం తయారయ్యే వరుసలు. థింక్‌ప్యాడ్‌ని 1992లో ఐబీఎం తెచ్చింది, 2005లో ఆ పీసీ వ్యాపారాన్ని లెనోవో కొనుక్కుంది. లాటిట్యూడ్ పేరును డెల్ 2025లో పక్కనపెట్టి 'డెల్ ప్రో' అని పెట్టింది. పాత స్టాకు, సెకండ్ హ్యాండ్ మార్కెట్టు మాత్రం ఇంకా లాటిట్యూడ్ పేరుతోనే నడుస్తున్నాయి. ఒక బ్యాంకో సాఫ్ట్‌వేర్ కంపెనీయో వందలు, వేల మెషీన్లు ఒకేసారి కొని మూడు నాలుగేళ్లు ఉద్యోగుల చేతుల్లో పెడుతుంది. పాడైతే చూసుకోవాల్సింది ఆ కంపెనీ ఐటీ విభాగమే. అందుకని వాళ్లకి అందంతో పని లేదు. ఎంత తక్కువగా పాడవుతుంది, పాడైతే ఎంత త్వరగా బాగవుతుంది, ఈ రెండే అడుగుతారు. ఐడియాప్యాడ్, ఇన్‌స్పిరాన్, పెవిలియన్, వివోబుక్, యాస్పైర్ లాంటివి ఇళ్ల కోసం చేసినవి. ఇంటికి కొనేవారు షాపులో పది నిమిషాలు చూసి నిర్ణయించుకుంటారు. కాబట్టి ఆ పది నిమిషాల్లో కంటికి కనపడేవాటి మీదే తయారీదారు డబ్బు పెడతాడు.

వేగం కోసం బిజినెస్ ల్యాప్‌టాప్ కొనాలనుకుంటే ఆ ఆలోచన అక్కడే మానుకోవచ్చు. ప్రాసెసర్ రెండింట్లోనూ ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. నిజానికి అదే డబ్బుకి ఇంటి మోడల్లో ఇంకా పెద్ద ప్రాసెసర్, ఒక్కోసారి గ్రాఫిక్స్ కార్డు కూడా దొరుకుతాయి. స్క్రీన్ విషయంలోనూ అంతే. బిజినెస్ వరుసల్లో అన్నిటికన్నా తక్కువ ధర మోడళ్లకి 250 నిట్స్ వెలుగు, 45 శాతం రంగులు మాత్రమే చూపించే ప్యానెళ్లు ఇప్పటికీ వేస్తున్నారు. లక్ష పెట్టి కొన్నాక పక్కింటి వివోబుక్ ఓలెడ్ స్క్రీన్ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోలవాళ్లు ఈ ఒక్క కారణంతోనే బిజినెస్ మోడల్‌ని పక్కన పెట్టినా తప్పు లేదు.

మరి డబ్బు ఎక్కడికి పోయింది? చాలావరకు పైకి కనపడని చోట్లకి. అందులో మొదటిది హింజ్, అంటే మూతని కింది బాడీకి కలిపే మడత బందు.

ల్యాప్‌టాప్ రిపేరు షాపుల్లో కూర్చుంటే ఎక్కువగా వచ్చే కేసుల్లో హింజ్ విరగడం ఒకటి. మూత తెరుస్తుంటే ఒక మూల పటుక్కుమని శబ్దం వస్తుంది, స్క్రీన్ అంచు విచ్చుకుంటుంది, నాలుగు రోజుల్లో కింది బాడీ కూడా నోరు తెరుస్తుంది. లోపల జరిగేది ఇది. తక్కువ ధర మోడళ్లలో హింజ్ ఇనుముదే, గట్టిదే. కానీ దాన్ని బిగించేది ప్లాస్టిక్ బాడీకి. ప్లాస్టిక్‌ని వేడి చేసి అందులో చిన్న చిన్న ఇత్తడి మరలు దించి, వాటిలోకి స్క్రూలు వేస్తారు. రెండేళ్లు గడిచేసరికి హింజ్ బిగుసుకుంటుంది. మూత ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా ఇత్తడి మర చుట్టూ ఉన్న పలుచని ప్లాస్టిక్ మీద పడుతుంది. చివరికి ఇనుము విరగదు, ప్లాస్టిక్కే చిట్లుతుంది. కొత్త బాడీ దొరక్కపోతే ఆరల్డైట్ పెట్టి అతికిస్తారు. అది కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ ఊడుతుంది. ఆలోపు మూత ఆడిన ప్రతిసారీ డిస్‌ప్లే కేబుల్ నలిగి, స్క్రీన్ మీద గీతలు మొదలైతే ఖర్చు ఇంకా పైకి పోతుంది. అసలైన బిజినెస్ మోడళ్లలో హింజ్‌ని లోహపు ఫ్రేముకి, చాలాసార్లు మెగ్నీషియం మిశ్రమంతో చేసినదానికి, బిగిస్తారు. ఎత్తిన బలం ఫ్రేము మీదికి పోతుంది, ప్లాస్టిక్ మీద పడదు. తొమ్మిదీ పదేళ్ల నాటి పాత థింక్‌ప్యాడ్‌లు ఇప్పటికీ మూత బిగువుగా నిలబడటానికి కారణం ఇదే. ఇంటి మోడల్ ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. మూతని మూల పట్టుకుని ఎత్తకుండా మధ్యలో పట్టుకుని ఎత్తడం. బిగుసుకున్నట్టు అనిపించిన వెంటనే షాపులో ఇచ్చి హింజ్ నట్టు కొద్దిగా వదులు చేయించుకుంటే బాడీ బతుకుతుంది. ఈ పని విరగకముందే చేయించాలి, విరిగాక కాదు.

రెండోది కీబోర్డు. చాలా ఇంటి మోడళ్లలో కీబోర్డుని పై కవరుకి ప్లాస్టిక్ రివిట్లు కరిగించి అతికించేస్తారు. నాలుగు కీలు పోతే కీబోర్డు ఒక్కటే మార్చడం కుదరదు, పై కవరంతా మార్చాలి. లేదా రిపేరు చేసేవారు ఆ రివిట్లన్నీ గీకి తీసి, కొత్తదాన్ని మళ్లీ కాల్చి అతికించాలి. చేయి తిరిగినవాళ్లే చేయగలరు. బిజినెస్ మోడళ్లలో చాలావాటికి కీబోర్డు స్క్రూలతో ఊడి వస్తుంది. టీ ఒలికితే కిందికి కారిపోయేలా కొన్నిటికి దారి కూడా ఉంటుంది. అలాగని నీళ్లలో ముంచినా ఏమీ కాదనుకోకూడదు. మెషీన్ ఆపుకునే పాటి సమయం ఇస్తుంది, అంతే.

పెట్టె మీద ఉండే మిలిటరీ గ్రేడ్ స్టిక్కర్ గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అమ్మకాల్లో ఎక్కువగా వాడే మాట అదే. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ తయారు చేసిన పరీక్షా పద్ధతుల పుస్తకం. ఇప్పుడు పెట్టెల మీద ఎక్కువగా కనపడే 'హెచ్' కూర్పు 2019లో వచ్చింది. అందులో పాతికకు పైగా పద్ధతులున్నాయి. ఎన్ని చేయాలి, ఎంత తీవ్రతతో చేయాలి అన్నది తయారీదారు ఇష్టం. సైన్యం వచ్చి ముద్ర వేసేదేమీ లేదు. ఇప్పుడు నలభై, యాభై వేల ఇంటి మోడళ్ల మీద కూడా ఈ మాట అచ్చేస్తున్నారు. కాబట్టి స్టిక్కర్‌ని బట్టి రెండింటినీ పోల్చలేం. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లకి పనికొచ్చే విషయం మాత్రం ఆ పుస్తకంలోనే ఉంది. పద్ధతి నంబరు 509 ఉప్పు గాలికి సంబంధించినది, 507 తేమకు, 510 ఇసుకకూ దుమ్ముకూ. కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ వివరాల్లో ఏయే పద్ధతులు చేశారో రాసి ఉంటే చూడండి. 509 లేకపోతే సముద్రపు గాలికి సంబంధించి ఆ స్టిక్కర్ మీకేమీ హామీ ఇవ్వట్లేదు. తీర ప్రాంతంలో బోర్డు మీద, కనెక్టర్ల మీద పచ్చగా చిలుము పట్టడానికి తేమా ఉప్పూ కలిసి కారణం. తెరిచి ఉంచిన కిటికీ పక్కన నెలల తరబడి పెడితే బిజినెస్ మోడలైనా ఇంటి మోడలైనా ఒకే గతి. వాడనప్పుడు బ్యాగులో పెట్టడం, ఏడాదికోసారి తెరిపించి ఫ్యాను, కనెక్టర్లు శుభ్రం చేయించడం ఏ స్టిక్కర్ కన్నా ఎక్కువ పని చేస్తాయి.

కరెంటు సంగతి వేరే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరులోనే, 12న. ప్రతి ఏడూ అక్టోబరు వస్తుందంటే ఇక్కడ గుండెలు పీచుపీచుమంటాయి. అలాంటి రోజుల్లో ల్యాప్‌టాప్‌కి కావాల్సింది టైప్-సీ చార్జింగ్. బిజినెస్ మోడళ్లలో ఇది కొన్నేళ్లుగా మామూలైపోయింది. 65 వాట్ల పవర్ డెలివరీ (పీడీ) టైప్-సీ చార్జర్ ఏదైనా, అదే స్థాయి కారు చార్జరైనా, పెద్ద పవర్ బ్యాంకైనా పని చేస్తుంది. గుండ్రటి పిన్ను ఉన్న ఇంటి మోడల్‌కి ఆ కంపెనీ పిన్నే కావాలి. చార్జర్ పోతే టెక్కలిలో దొరుకుతుందా, విశాఖ పోవాలా అన్న టెన్షన్ అదనం. ఇప్పుడు కొన్ని ఇంటి మోడళ్లకీ టైప్-సీ చార్జింగ్ ఇస్తున్నారు. కానీ టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన దాంతో చార్జ్ అవుతుందని కాదు. కొన్నిట్లో అది డేటాకి మాత్రమే. షాపులోనే ఒక చార్జర్ పెట్టి చూసుకోవడం మేలు. ఇక పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేనిచోట లోహపు బాడీ ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. చార్జర్ లోపలి కెపాసిటర్ గుండా కొద్దిపాటి కరెంటు బాడీకి రావడమే దానికి కారణం. చాలాసార్లు అది ల్యాప్‌టాప్ లోపం కాదు, ఇంట్లో మూడో పిన్ను ఎక్కడికీ కలపకపోవడం. ప్లాస్టిక్ బాడీకి ఈ గొడవ ఉండదు, తక్కువ ధర మోడల్‌కి దక్కే చిన్న లాభం అనుకోవాలి.

ఇవన్నీ మెషీన్ గురించి. శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట్ల నిర్ణయాన్ని తేల్చేది మాత్రం మెషీన్ పాడయ్యాక జరిగే పని. హైదరాబాద్‌లో కూర్చుని రాసే సలహాల్లో ఇది సగం పేరాతో అయిపోతుంది, ఇక్కడ ఇదే అసలు ముక్క.

వారంటీ రెండు రకాలు. ఒకటి మనమే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లేది. రెండోది మనిషి మన దగ్గరికి వచ్చి బాగుచేసేది, ఆన్‌సైట్ అంటారు. ఇంటి మోడళ్లకి మామూలుగా ఒక ఏడాది వారంటీ వస్తుంది. బిజినెస్ మోడళ్లకి తరచుగా మూడేళ్లు, ఆన్‌సైట్. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్ల లోపే, ఉదయం పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది. ఇచ్ఛాపురం నుంచైతే శ్రీకాకుళానికే నూట ముప్పై కిలోమీటర్ల దాకా ఉంది, అక్కడివాళ్లకి బరంపురమే దగ్గర. ఇవ్వడానికోసారి, తెచ్చుకోవడానికోసారి అంటే రెండు రోజుల పని పోయినట్టే. పార్టు రాలేదని మళ్లీ రమ్మంటే మూడో రోజు. అందుకే కొనేముందు చేయాల్సిన మొదటి పని, కంపెనీ సపోర్ట్ పేజీలో ఆ మోడల్‌కి మీ పిన్‌కోడ్ వేసి చూడడం. 532001 శ్రీకాకుళం టౌన్, 535001 విజయనగరం. టౌను పిన్‌కోడ్‌కి ఆన్‌సైట్ ఉండి, మండల కేంద్రానికి లేకపోవచ్చు. ఉన్నా, మరుసటి పనిదినాన వస్తామన్న మాట పెద్ద నగరాలకి వర్తించినంత కచ్చితంగా ఇక్కడ వర్తించకపోవచ్చు. ఆ సంగతి ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోవాలి. మీ పిన్‌కోడ్‌కి ఆన్‌సైట్ రాదని తేలితే బిజినెస్ మోడల్‌కి ఎక్కువ పెట్టే కారణాల్లో పెద్దది అక్కడే ఎగిరిపోయింది.

ఇంటి మోడళ్లకి కూడా అదనంగా కడితే మూడేళ్ల ఆన్‌సైట్, పడి పగిలినా చూసుకునే కవరు ఇచ్చే కంపెనీలున్నాయి. సాధారణంగా మొదటి వారంటీ ఉండగానే కొనాలి. 55 వేల ల్యాప్‌టాప్‌కి ఐదారు వేలు పెట్టి ఇది కొన్న వ్యక్తికీ, 90 వేలు పెట్టిన వ్యక్తికీ మొదటి మూడేళ్లలో పెద్ద తేడా కనపడదు. తేడా నాలుగో ఏటి నుంచి మొదలవుతుంది, అంటే వారంటీ అయిపోయి బయటి షాపు మీద ఆధారపడాల్సి వచ్చినప్పుడు.

అప్పుడు బిజినెస్ మోడల్‌ది పైచేయి. ఒక లాటిట్యూడ్ మోడల్ లక్షల్లో అమ్ముడవుతుంది. కంపెనీలు వదిలేసిన పాతవి దేశంలోకి విడిభాగాలుగా వచ్చి పడతాయి. బ్యాటరీ, కీబోర్డు, హింజ్, స్క్రీన్, మదర్‌బోర్డు ఏది కావాలన్నా పార్టు నంబరు చెబితే హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో కొరియర్‌లో వచ్చేస్తుంది. మెషీన్ ఎలా విప్పాలో బొమ్మలతో చెప్పే సర్వీస్ మాన్యువల్‌ని లెనోవో, డెల్, హెచ్‌పీ మూడూ ఈ వరుసలకి ఉచితంగా వెబ్‌సైట్‌లో పెడతాయి. ఆ మోడల్ ముందెప్పుడూ చూడని మెకానిక్ కూడా దాన్ని చూసుకుంటూ పని చేసేయగలడు. ఇంటి మోడళ్లు సీజన్ సీజన్‌కీ మారిపోతాయి. దసరా ఆఫర్‌లో వచ్చిన మోడల్ సంక్రాంతికి ఉండదు. నాలుగేళ్ల తర్వాత దాని పై కవరు కావాలంటే అదే మోడల్ చచ్చిపోయినది ఇంకొకటి దొరకాలి.

ఇక్కడొక జాగ్రత్త. బిజినెస్ అన్న పేరు ఉన్నవన్నీ ఈ కోవలోకి రావు. లెనోవో వీ సిరీస్, డెల్ వోస్ట్రో, హెచ్‌పీ 240, 250 లాంటివి చిన్న వ్యాపారాలకని అమ్మేవి. వాటి బాడీ ఇంచుమించు ఇంటి మోడల్ బాడీయే, స్క్రీన్ అంతకన్నా సాదా. వీటి మీద ఉండే బిజినెస్ ముద్ర చూసి మన్నుతుందనుకుంటే మోసపోతారు. థింక్‌ప్యాడ్ 'ఈ' (E) సిరీస్, ప్రోబుక్, లాటిట్యూడ్ 3000 వరుస మధ్యరకం. పైన చెప్పిన గట్టిదనమంతా థింక్‌ప్యాడ్ టీ సిరీస్, లాటిట్యూడ్ 5000, 7000, ఎలైట్‌బుక్ స్థాయిలో ఉంటుంది. మళ్లీ అన్నిటికన్నా ఖరీదైన పలుచటి మోడళ్లలో, అంటే థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ లాంటివాటిలో, ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంటుంది. 8 జీబీతో కొంటే జన్మంతా 8 జీబీయే. ర్యామ్ ధరలు 2025 చివర్లో ఎగబాకిన తీరు చూశాక, ఖాళీ స్లాట్ ఉన్న మెషీన్ కొనుక్కుని తర్వాత ఎప్పుడో వేసుకోవచ్చన్న ధీమా కూడా కొంత సడలింది. ఇప్పుడు కొనేవాళ్లు 16 జీబీ ఉన్నదే తీసుకోవడం నయం.

లెక్క వేద్దాం. 55 వేలది నాలుగేళ్లు నడిస్తే ఏడాదికి పడేది 13,750 రూపాయలు. 90 వేలది ఏడేళ్లు నడిస్తే 12,860 దాకా. అంటే ఇంచుమించు సమానం. పైగా రెండో వ్యక్తి ఐదో ఏటి నుంచి పాత ప్రాసెసర్‌తో నెట్టుకొస్తుంటే, మొదటి వ్యక్తి ఇంకో 55 వేలు పెట్టి కొత్త ప్రాసెసర్, కొత్త బ్యాటరీ, కొత్త వారంటీ తెచ్చుకుంటాడు. ఈ లెక్క ఒక్కటే చూస్తే బిజినెస్ మోడల్‌కి గెలుపు లేదు. ఎప్పుడూ ఇంట్లో బల్ల మీదే ఉండే ల్యాప్‌టాప్‌కైతే ఇంటి మోడలే సరైన బేరం, ఇందులో మొహమాటపడాల్సింది లేదు.

లెక్క తలకిందులయ్యేది పని ఆగిపోయే రోజుకి ధర కట్టినప్పుడు. జీఎస్టీ ప్రాక్టీస్ చేసేవాళ్లని తీసుకోండి. నెలనెలా దాఖలు చేసే క్లయింట్లకి 11న అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే రిటర్న్ 3బీ. 3బీ ఆలస్యమైతే ఒక్కో క్లయింటుకి రోజుకి రూ.50 లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. నలభైమంది క్లయింట్లున్న ఆఫీసులో 18వ తేదీన మదర్‌బోర్డు పోతే రోజుకి రెండు వేలు లేట్ ఫీజే. అది ఎవరు కట్టాలన్న తగువు, పోయే పరువు లెక్కలోకి రాని ఖర్చు. పలాసలో జీడిపప్పు పంపే వ్యాపారికి ఈ-వే బిల్లు తీయకుండా లారీ కదలదు. వీళ్లకి రెండు రోజుల ఆలస్యం తప్పిందంటే ఆ 35 వేలలో పెద్ద ముక్క వెనక్కి వచ్చినట్టే.

అయితే ఇలాంటి ఆఫీసుకి ఒక ఖరీదైన ల్యాప్‌టాప్ కన్నా రెండు మామూలువి మేలన్నది ఈ వ్యాసం అభిప్రాయం. 90 వేల మెషీన్‌కైనా ఏదో ఒక రోజు ఎస్‌ఎస్‌డీ పోతుంది, అప్పుడు ఆ ఆన్‌సైట్ మనిషి వచ్చేది ఎంత తొందరగా అన్నా మర్నాడే. అదే 55 వేల కొత్తది ఒకటి, పాతిక వేలలోపు సెకండ్ హ్యాండ్‌ది ఒకటి ఉంటే పది నిమిషాల్లో పని మళ్లీ మొదలవుతుంది. షరతు ఒకటే. ట్యాలీ డేటా, క్లయింట్ల ఫైళ్లు ప్రతి సాయంత్రం రెండో మెషీన్‌కి చేరాలి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్ రెండింట్లోనూ ముందే వేసి ఉండాలి. ట్యాలీకి, ఎక్సెల్‌కి, పోర్టల్ పనికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు కాబట్టి పాత మెషీనే చాలు. ఒకే మెషీన్ మోసుకుంటూ ఊరూరా తిరిగేవాళ్లు, ఇన్సూరెన్స్ సర్వేయర్లు, సైట్ ఇంజినీర్లు, ఆడిట్‌కి వెళ్లేవాళ్లు మాత్రం వేరు. వాళ్లతో పాటు రెండోది ప్రయాణం చేయదు. బైకు మీద, ఆర్టీసీ బస్సు సీటు కింద, లగేజీ మధ్య నలిగే ల్యాప్‌టాప్‌కి గట్టి ఫ్రేము కావాల్సిందే. కొత్త బిజినెస్ మోడల్‌కి పూర్తి ధర పెట్టడంలో అర్థం ఉన్నది వీళ్ల విషయంలోనే.

ఇక్కడ పన్ను సంగతి ఒకటి కలుస్తుంది. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. రిజిస్టరైన వ్యాపారి తన నంబరు వేయించుకుని బిల్లు తీసుకుంటే, వ్యాపారానికే వాడుతున్నంత వరకు ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. 90 వేలలో పన్ను 13,729, 55 వేలలో 8,390. కాబట్టి ఆ వ్యాపారికి రెండింటి మధ్య అసలు తేడా 35 వేలు కాదు, 29,661. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకి ఏడాదికి 40 శాతం తరుగుదల కూడా ఉంది. టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో ఉన్నవాళ్లకి ఈ క్రెడిట్ రాదు. జీతం మీద బతికేవాళ్లకి రెండూ లేవు, వాళ్లు నిండు ధర పెట్టినట్టే.

విద్యార్థుల దగ్గరికొస్తే, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో రాజాం, విజయనగరం ఇంజినీరింగ్ కాలేజీల్లోనో చేరే పిల్లలకి ఇంట్లోవాళ్లు కొనేది చాలాసార్లు గేమింగ్ ల్యాప్‌టాప్. ఎక్కువ అంకెలు కనపడతాయి కాబట్టి అదే మంచిదనుకుంటారు. రెండున్నర కిలోల దాకా బరువు, దాదాపు ఇటుకంత చార్జర్, రెండు మూడు గంటల బ్యాటరీ. కోడింగ్ నేర్చుకోవడానికి అదేమీ అక్కర్లేదు. మెకానికల్, సివిల్ పిల్లలకి డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది, అదీ చాలావరకు రెండో ఏడాది తర్వాతే. హాస్టల్లో ఉండి, క్లాసుకి రోజూ మోసుకెళ్లని పిల్లలకి ఇంటి మోడలూ మూడేళ్ల వారంటీ చాలు. ఆమదాలవలస నుంచి, చీపురుపల్లి నుంచి రోజూ బస్సులోనో రైల్లోనో వచ్చిపోయేవాళ్లకి మాత్రం కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ ఒకటి చూడొచ్చు. సగం ధరకి గట్టి బాడీ దొరికే దారి అదొక్కటే.

ఈ సెకండ్ హ్యాండ్ మార్కెట్టు ఇప్పుడు బాగా పెరిగింది. దానికి ఒక కారణం విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న సపోర్ట్ ఆపేయడం. కంపెనీలు పాత మెషీన్లని గుత్తగా వదిలించుకున్నాయి. కొనేవాళ్లు చూసుకోవాల్సిన గీత ఒకటుంది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ 8వ తరం, ఆపైన కావాలి, భద్రత కోసం వాడే టీపీఎం 2.0 చిప్ ఉండాలి. థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 చాలావరకు ఆ గీతకి ఇవతల ఉన్నవి. టీ470, లాటిట్యూడ్ 7480, 840 జీ4 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, కానీ 6, 7 తరాల ప్రాసెసర్లతో వచ్చాయి. షాపులో వాటిలోనూ విండోస్ 11 ఎక్కించి చూపిస్తారు. అది దొడ్డిదారిన ఎక్కించినది, తర్వాతి పెద్ద అప్‌డేట్ దగ్గర ఆగిపోవచ్చు.

టీ480కి లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసే బ్యాటరీ ఇంకొకటి ఉంటాయి. కరెంటు పోయే ఊళ్లలో రెండో బ్యాటరీ జేబులో పెట్టుకుని, మెషీన్ ఆపకుండానే మార్చుకోవచ్చు. ఈ వెసులుబాటు ఇప్పటి కొత్త మోడళ్లలో దాదాపు లేదు. దానికే ఒక జబ్బు కూడా ఉంది. టైప్-సీ పోర్టుని నడిపే థండర్‌బోల్ట్ చిప్ ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల ఆ పోర్టు చచ్చిపోవడం. లెనోవో తర్వాత సవరణ ఇచ్చింది కానీ అది పడకుండా వాడేసినవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి రెండు టైప్-సీ పోర్టుల్లోనూ చార్జర్ పెట్టి, పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలి. బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పే రిపోర్టు విండోస్‌లోనే తీయొచ్చు. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో అరవై శాతం కన్నా తక్కువుంటే కొత్త బ్యాటరీ ధర బేరంలో తగ్గించమనాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తాళం. కంపెనీ మెషీన్లకి బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లో, సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడతారు. థింక్‌ప్యాడ్‌లో అది తెలియకపోతే మదర్‌బోర్డు మార్చడం తప్ప కంపెనీ చెప్పే దారి ఇంకొకటి లేదు. కొన్నిటిని పాత యజమాని సంస్థ తన ఖాతా నుంచి తీయడం మరిచిపోతుంది. అలాంటి మెషీన్‌లో మొదట్లో అంతా బాగానే ఉంటుంది. కొత్తగా విండోస్ ఎక్కించి ఇంటర్నెట్‌కి కలిపిన రోజున ఆ సంస్థ పేరుతో లాగిన్ పేజీ వచ్చి నిలబడుతుంది. అందుకని డబ్బు ఇవ్వకముందే షాపులోనే రెండు పనులు చేయించాలి. మెషీన్ ఆన్ అవుతుండగా బయాస్‌లోకి వెళ్లి, పాస్‌వర్డ్ అడగకుండా ఒక సెట్టింగు మార్చి సేవ్ చేయడం. తర్వాత విండోస్‌ని మొత్తం రీసెట్ చేయించి, ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, సొంత ఖాతాతో డెస్క్‌టాప్ దాకా రావడం. దీనికి గంట పట్టొచ్చు. అంతసేపు కూర్చోనివ్వని షాపులో ఎంత తక్కువకిచ్చినా ఆ మెషీన్ తీసుకోవద్దు.